వంతులు వేసుకొని విశ్రమించే రెండు దీవులు

మన పల్లెలలో పెద్దలు పొలానికి విశ్రాంతి ఇచ్చేవారు. ఒక చెక్కను ఒక ఏడు బీడుగా వదిలి, గొర్రెల మంద కట్టించి, మరుసటి ఏడు దున్నేవారు. మన తీరంలోని మత్స్యకార కుటుంబాలకు కూడా ఇటువంటి విశ్రాంతి తెలుసు. ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, చేపలు గ్రుడ్లు పెట్టే కాలమని మరపడవలు ఒడ్డున ఆగిపోతాయి. అయితే ఒక దీవికి కొన్ని నెలలు విశ్రాంతి ఇచ్చి, ఆ నెలలలో చూడవచ్చిన వారిని మరొక దీవికి పంపే ఏర్పాటు ఎక్కడైనా విన్నారా? అండమాన్‌లో అటువంటి దీవులు రెండు ఉన్నాయి. ఒకదాని పేరు జాలీబాయ్, రెండవది రెడ్‌స్కిన్. మేము నాలుగు కుటుంబాలవారము పిల్లలతో కలిసి జాలీబాయ్ చూచి వచ్చాము. అక్కడ చూచినవి, తెలిసికొన్నవి పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

సముద్రంలో ఒక రక్షిత వనం

అండమాన్ దీవులు బంగాళాఖాతంలో మన తీరానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. విశాఖపట్నం నుండి ఓడలో బయలుదేరితే రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. ముఖ్యపట్టణమైన పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. దూరమైన చోటే గాని పరాయిచోటు కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో ప్రతి 100 మందిలో ఇంచుమించు 13 మంది ఇంటి భాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వెళ్లి స్థిరపడినవారు చాలామంది. పట్టణంలోని జంగ్లీఘాట్ చేపల రేవులో నడుస్తుంటే భీమిలి ఒడ్డున ఉన్నట్టే అనిపించింది.

పట్టణానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో వండూర్ అనే తీరగ్రామం ఉంది. దాని ఎదుట ఉన్న సుమారు 15 చిన్న దీవులను, వాటి మధ్యనున్న నీటిని కలిపి 1983లో ప్రభుత్వం సముద్ర జాతీయ వనంగా ప్రకటించింది. విస్తీర్ణం 281 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఇప్పుడు దానిని మహాత్మా గాంధీ సముద్ర జాతీయ వనం అంటారు. నేల మీది అడవిని కాపాడినట్టే ఇక్కడ నీటి క్రింది అడవిని కాపాడుతున్నారు. చేపలు పట్టరాదు, గవ్వ ఏరరాదు, పగడం విరవరాదు, రాత్రి ఉండరాదు.

అన్ని దీవులలోనూ యాత్రికులకు ప్రధానంగా తెరచినవి రెండే. సాధారణంగా నవంబరు నుండి మే వరకు జాలీబాయ్‌కు, వానాకాలపు నెలలలో రెడ్‌స్కిన్‌కు పంపుతారు. ఒకటి జనాన్ని చూస్తుంటే రెండవది ఊపిరి పీల్చుకొంటుంది. అటవీశాఖ వారి అనుమతి చీటీ ముందుగా తీసికోవాలి. రోజుకు ఇంతమందే అని లెక్క ఉంటుంది. సోమవారం సెలవు.

రేవులో సంచుల తనిఖీ

వండూర్‌కు వెళ్లే ప్రయాణంలో సిప్పీఘాట్ ప్రాంతం కనబడింది. ఒకప్పుడు అక్కడ వరిపొలాలు ఉండేవి. 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపానికి దక్షిణ అండమాన్ నేల ఇంచుమించు ఒక మీటరు క్రుంగింది. సునామీ అలతో లోపలికి వచ్చిన ఉప్పునీరు అక్కడ మరల వెనుకకు పోలేదు. పొలాలు చెరువులైపోయాయి. ఎండిన చెట్ల మోడులు నీటిలో నిలిచి ఉంటే, పొలం విలువ తెలిసిన మా పెద్దలు బస్సు కిటికీ దగ్గర చాలాసేపు మాట్లాడలేదు.

వండూర్ రేవులో సంచులన్నీ విప్పించారు. చిప్స్ పొట్లాలు, ప్లాస్టిక్ కవర్లు, బిస్కెట్ల మీది కాగితాలు అన్నీ ఒడ్డుననే వదలమన్నారు. నీళ్లకు మరచెంబులు డిపాజిట్ కట్టించుకొని ఇచ్చారు. తిరిగివచ్చి అప్పజెప్పితే సొమ్ము వాపసు. మా పిల్లలలో ఒకడు బిస్కెట్ పొట్లం పోయిందని ముఖం ముడుచుకొన్నాడు. అక్కడి ఉద్యోగి ఓపికగా, “బాబూ, ఈ కవరు గాలికి ఎగిరి నీళ్లలో పడితే తాబేలు దాన్ని తిండి అనుకొని మింగుతుంది” అని చెప్పాడు. పిల్లవాడు బిస్కెట్లు స్టీలు డబ్బాలోకి మార్చి, కవరు తానే తీసికొనిపోయి చెత్తడబ్బాలో వేశాడు.

పడవ బయలుదేరాక ఇరువైపుల మడ అడవులు. కోరంగి చూచినవారికి ఆ చెట్లు కొత్త కాదు. వ్రేళ్లు బురదలో నుండి పైకి లేచి వంద కాళ్ల మీద నిలబడినట్టు ఉంటాయి. ఉప్పునీటి మొసళ్లు తిరిగే నీళ్లు గనుక చేయి బయట పెట్టవద్దని పడవవారు హెచ్చరించారు. సుమారు గంట ప్రయాణం తరువాత నీరు పచ్చదనం వదిలి నీలంగా, తరువాత గాజులా మారింది. జాలీబాయ్ కనబడింది. తెల్లని ఇసుక, వెనుక దట్టమైన అడవి. ఇల్లు లేదు, దుకాణం లేదు, రేవు కూడా లేదు. పెద్ద పడవ దూరాన ఆగితే, అడుగున అద్దం అమర్చిన చిన్న పడవలలోకి దిగి ఒడ్డుకు చేరాలి.

అద్దం క్రింద ఊరు

ఆ చిన్న పడవను నడిపిన పెద్దాయన తెలుగువాడు. మా మాట వినగానే “ఏ ఊరు బాబూ మీది?” అని అడిగాడు. పిల్లలు అప్పటి నుండి ఆయనను తాతా అనే పిలిచారు. ఆయన తెడ్డు ఆపి, “వంగి సూడండి” అన్నాడు. అద్దం క్రింద ఒక ఊరే ఉన్నది. జింక కొమ్ములవంటివి కొన్ని, గొడుగులవంటివి కొన్ని, మనిషి మెదడులా ముడతలు పడిన గుండ్లు కొన్ని. వాటి సందులలో పసుపు, నీలం, నారింజ రంగుల చేపలు.

“ఈ రాళ్లకు రంగు ఎవరు వేశారు తాతా?” అని ఒక పాప అడిగింది.

“రాయి కాదమ్మా, దానికీ పేనముంది,” అన్నాడాయన.

నిజమే. పగడం రాయి కాదు, చెట్టు కాదు, ప్రాణి. ఆవగింజ మొదలు శనగగింజ వరకు ఉండే చిన్న చిన్న జీవులు వేలాదిగా ఒకదానినొకటి అంటుకొని, సముద్రపు నీటిలోని సున్నాన్ని తీసికొని తమ చుట్టూ గూడు కట్టుకొంటాయి. పాతవి చనిపోయినా గూడు మిగులుతుంది. దాని మీద కొత్తవి కడతాయి. ఇలా వేల ఏండ్లు గడిస్తే పగడపు దిబ్బ అవుతుంది. గుండ్లవంటి పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతాయి. కాబట్టి ఒక యాత్రికుడు కాలితో త్రొక్కి విరిచిన అడుగు ముక్క వెనుక ముప్పది సంవత్సరాల కష్టం ఉండవచ్చు.

పగడం ఒంటరిగా బ్రతకదు. దాని ఒంటిలో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. నాచు ఎండను పట్టి ఆహారం వండి పగడానికి పెడుతుంది. పగడం నాచుకు నీడనిస్తుంది. ఆ రంగులు కూడా చాలావరకు ఆ నాచు ఇచ్చినవే. ఇక తెలుపు, నారింజ చారల చిన్న చేప ఒకటి, ముట్టుకొంటే కుట్టే పువ్వువంటి జీవి చేతుల మధ్య నిర్భయంగా ఇల్లు పెట్టుకొంటుంది. దాని ఒంటి జిగురు దానిని కాపాడుతుంది. చిలుక ముక్కువంటి నోరున్న మరొక చేప పగడాన్ని కొరికి, నాచు తిని, సున్నాన్ని మెత్తగా నూరి వదులుతుంది. ఈ జాతిలో పెద్ద చేప ఏడాదిలో క్వింటాళ్ల కొద్దీ ఇసుక చేస్తుందట. మేము కూర్చుండి అన్నం తిన్న తెల్లని ఇసుకలో ఎంతో భాగం ఆ చేపల నోటి కష్టమేనని తెలిసి పిల్లలు నోళ్లు తెరిచారు.

సముద్రాల అడుగున పగడపు దిబ్బలు ఆక్రమించిన చోటు నూటికి ఒక వంతు కూడా లేదు. అయినా సముద్రపు చేప జాతులలో ఇంచుమించు నాలుగవ వంతు జీవితంలో ఏదో ఒక దశలో వాటి నీడన బ్రతుకుతాయి. అలలు ఒడ్డును కోయకుండా అడ్డుకట్టగా నిలిచేవి కూడా అవే.

తెల్లబోయిన పగడాలు

అయితే మేము చూచినదంతా రంగుల తోట కాదు. కొంతదూరం పోయాక అద్దం క్రింద బూడిదరంగు ముక్కలు, విరిగిన ఎముకల కుప్పలా పరచుకొని ఉన్నాయి. ఇదేమని అడిగితే తాత, “కొంత సునామీ కొట్టింది, కొంత ఎండ కొట్టింది” అన్నాడు.

సముద్రపు నీరు మామూలు వేసవి కంటే ఒక్క డిగ్రీ, రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం తన ఒంటిలోని నాచును బయటకు నెట్టివేస్తుంది. అప్పుడు రంగు పోయి సున్నంలా తెల్లబడుతుంది. వెంటనే చావదు. నీరు త్వరగా చల్లబడితే నాచు తిరిగివచ్చి కోలుకొంటుంది. లేకుంటే ఆకలితో చనిపోతుంది. అండమాన్‌లో 1998లోను, 2010లోను, 2016లోను ఇలా జరిగింది. 2010 వేసవిలో నష్టం మరీ ఎక్కువ. 2024లో ప్రపంచమంతటా మరొకసారి పగడాలు తెల్లబడుతున్నాయని శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

ఇక్కడ ఒక ప్రశ్న రాక తప్పదు. వేడి సముద్రమంతటా వస్తుంటే, ఒక దీవికి సెలవిచ్చి, బిస్కెట్ కవర్లు లెక్కపెట్టి ఏమి లాభం? మాకు అర్థమైనంతలో జవాబు ఇది. జ్వరం తగిలిన మనిషి బలంగా ఉంటే తేరుకొంటాడు. అప్పటికే దెబ్బలు తిని ఉంటే తేరుకోలేడు. పగడమూ అంతే. త్రొక్కుడు, లంగరు దెబ్బ, చెత్త, బురద లేనిచోట అది తిరిగి మొలకెత్తే అవకాశం ఎక్కువ. ఎండను ఆపడం ఒక్క దీవి చేతిలో లేదు. గాయం చేయకుండా ఉండడం మాత్రం మన చేతిలో ఉంది. బూడిదరంగు కుప్పల మధ్య అక్కడక్కడ వ్రేలంత కొత్త కొమ్మలను తాత మాకు చూపించాడు. “ఇయ్యి కొత్తయి, నా మనవరాలి ఈడు” అన్నాడు.

వల వేసినచోట అద్దం

ఈ కాపుదలకు మూల్యం చెల్లించినవారూ ఉన్నారు. తాతను అడిగితే దాచకుండా చెప్పాడు. ఈ నీళ్లలో ఆయన తండ్రి వల వేసేవాడట. వనం ఏర్పడినాక ఇక్కడ వేట ఆగిపోయింది. “మా నాన్నకి సానా కోపమొచ్చింది బాబూ. సముద్రానికి కంచేంటని. నాకూ వచ్చింది. నాన్న వలేసిన సోట ఇప్పుడు నేను అద్దమెట్టి సూపిత్తన్నాను.” కాసేపాగి, “సీజన్లో కూలి వత్తాది. సీజను లేనప్పుడు అప్పే” అన్నాడు.

ఆయన మాటలలో సంతృప్తి ఉంది, నొప్పి కూడా ఉంది. రక్షిత నీటిలో చేపలు పెరిగి, పిల్లలు పెట్టి, హద్దు దాటి బయటకు వస్తాయనీ, అప్పుడు బయట వేటాడేవారికీ లాభమనీ శాస్త్రజ్ఞులు చెబుతారు. అది మంచి మాటే. కాని ఆ లాభం వచ్చేవరకు ఆ ఇంటి పొయ్యి వెలగాలి గదా! చెరువుకు, అడవికి, సముద్రానికి విశ్రాంతి ఇవ్వాలనే పెద్దలు, దాని మీద బ్రతికేవారి కూడును గూర్చి కూడా అంతే శ్రద్ధగా ఆలోచించాలి. కూడు నిలిచినచోటే కాపుదల నిలుస్తుంది.

వెళ్లదలచిన కుటుంబాలకు

వేసవి సెలవులలో అటు వెళ్లదలచిన వారికి కొన్ని సూచనలు. అనుమతి చీటీకి గుర్తింపు కార్డు అవసరం. అనుమతి దొరికిన తరువాతనే మిగతా ఏర్పాట్లు చేసికోండి. తెల్లవారుజామునే బయలుదేరండి. దీవిలో తిండి దొరకదు గనుక పులిహోరో, రొట్టెలో స్టీలు క్యారేజీలో కట్టుకొని వెళ్లండి. మిగిలిన మెతుకుతో సహా తిరిగి తెచ్చుకోవాలి. ఎండకు క్రీములు పూసుకొంటే అవి నీటిలో కలుస్తాయి. పొడుగు చేతుల నూలుచొక్కా, టోపీ మేలు. చూపించిన హద్దులోనే నీటిలో దిగండి. లోతులేని చోట నిలబడితే కాళ్ల క్రింద పగడం ఉండవచ్చు. చేపలకు అన్నం వేయకండి. గవ్వగాని, పగడపు ముక్కగాని జేబులో వేసికోకండి. 2001 నుండి పగడాలకు పులితో సమానమైన రక్షణ చట్టంలో ఉన్నది. విమానాశ్రయంలో పట్టుబడితే శిక్ష తప్పదు.

అంతదూరం పోలేనివారు ఎక్కువమందే. వారు చింతించనక్కరలేదు. ప్రతి ఊరికీ ఒక చెరువుంటుంది, ఒక తోపుంటుంది. ఊరివారంతా ఒక మాటనుకొని దానిలో ఒక మూలకు కొన్ని నెలలు సెలవిచ్చి చూడండి. ఆ మూలలో చెత్త వేయకుండా, వల వేయకుండా, కొమ్మ నరకకుండా ఉండి, ఏమి తిరిగి వస్తుందో పిల్లల చేత లెక్క వ్రాయించండి. ఏ పిట్ట ముందు వచ్చిందో, ఏ చేప పిల్లలు పెట్టిందో వారే వచ్చి మీకు చెబుతారు.