గానుగ నూనె మంచిదే... గరిటె జారితేనే ముప్పు!

కదిరి: బుడ్డలు పండే పల్లెల్లో గానుగలు మళ్లీ తిరుగుతున్నాయి. ఒకప్పుడు ఎద్దు తిప్పిన రోకలిని ఇప్పుడు మోటారు తిప్పుతోంది. ఇంటి కాయలు ఒలిచి తెచ్చి, నూనె పట్టించుకుని, చెక్కను పశువులకు తీసుకెళ్తున్నారు. "గుండెకు మంచిది" అన్నదే అందరి నోటా మాట. ఇందులో నిజమెంత?

వేరుశనగ గింజలో దాదాపు సగం నూనె ఉంటుంది. చెడు కొలెస్టరాల్‌ను పెంచే సంతృప్త కొవ్వు ఆ నూనెలో సుమారు అయిదో వంతు మాత్రమే. అదే పామాయిల్‌లో దాదాపు సగం. కనుక పామాయిల్, వనస్పతి మాని వేరుశనగ నూనె వాడితే రక్తనాళాలకు మేలే. పాతవాటితోపాటు ఇదీ పోస్తే మాత్రం ప్రయోజనం లేదు.

గానుగలో ఆడినా, మిల్లులో శుద్ధి చేసినా ఈ కొవ్వుల పాళ్లు దాదాపు ఒకటే. గానుగ నూనెకు వాసన, రుచి ఎక్కువ. ఇక ప్యాకెట్లపై "కొలెస్టరాల్ లేదు" అన్న రాత చూసి మురిసిపోనక్కర్లేదు. గింజల నుంచి తీసే ఏ నూనెలోనూ అది చెప్పుకోదగినంత ఉండదు.

కొలతే కీలకం

రోజుకు 2,000 కేలరీల భోజనం చేసే మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. అంటే ఆరు చిన్న చెంచాలు. ఈ లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. "మన నూనే కదా" అని బజ్జీల బాణలి నింపితే లెక్క తప్పినట్టే. వేయించగా మిగిలిన నూనెను మళ్లీ మళ్లీ కాచడమూ కీడే.

గానుగకు తెచ్చే గింజలను ఏరుకోవాలి. బూజు పట్టిన గింజల్లోని అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయానికి చేటు. శుద్ధి చేయని నూనెలోకి అది దిగుతుంది.

రైతులకు మరో కబురు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి రూపొందించిన గిర్నార్-4, గిర్నార్-5 రకాలు 2020లో విడుదలయ్యాయి. వీటి నూనెలో గుండెకు అనువైన ఒలీయిక్ ఆమ్లం 80 శాతం దాకా ఉంటుంది. నూనె త్వరగా ముక్క వాసన రాదు కూడా.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. గానుగ నూనెకు మారాం కదా అని బి.పి., గుండె మాత్రలు ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. నూనె ఆహారమే గాని మందు కాదు. మాత్ర ఆపాలన్నా, తగ్గించాలన్నా చెప్పాల్సింది డాక్టరే.