తొలి చుక్క నేలతల్లికి
కరీంనగర్ కల్లు మండువల్లో, ఆదిలాబాద్ ఇప్పచెట్ల కింద నిలిచిన పాత మర్యాద

డిసెంబరు 31 రాత్రి కరీంనగర్‌లోనైనా ఆదిలాబాద్‌లోనైనా వైన్స్ ముందు తోపులాటే. గ్లాసులు తాకుతాయి, చీర్స్ అంటారు, పాత సంవత్సరం వెళ్లిపోతుంది. ఇదే గడ్డ మీద పల్లెల్లో తాగుడుకు ఇంతకన్నా పాత పద్ధతి ఉంది. మొదటి చుక్క మనిషి నోట పడదు, నేల మీద పడుతుంది. సాక పోయడమంటే అదే.

సాక పోసినాకే

పోచమ్మకు, ఎల్లమ్మకు బోనం తీస్తే వెంట కల్లు కుండ ఉండాల్సిందే. గద్దె ముందు సాక పోసి, ఊరు చల్లగుండాలని మొక్కినాకే మిగతా వాళ్ల వంతు. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నాడు చనిపోయిన పెద్దలకు ఇష్టమైనవన్నీ వండి పెడతారు. బతికినన్నాళ్లు కల్లు తాగిన తాతకైతే ఆ పూట కల్లూ పెడతారు.

ఆ కల్లు తెచ్చే గౌడన్న పని తేలికైంది కాదు. నడుముకు ముస్తాదు, చెట్టు చుట్టూ మోకు, చేతికి పదునైన కత్తి. తాటిచెట్టుకైతే గెల కొసను పలచగా గీసి లొట్టి కడతాడు. ఈతకైతే మొవ్వ దగ్గర మానునే చెక్కుతాడు. రాత్రంతా చుక్కచుక్కగా లొట్టి నిండుతుంది. పొద్దుగాల తియ్యగా ఉన్న కల్లు ఎండెక్కే కొద్దీ పులుస్తుంది, మర్నాటికి ముక్కు దగ్గరికి రానీయదు. లొట్టికి సున్నం పూస్తే పులియదు, అది నీరా. నిల్వ ఉండని సరుకు గనుక ఏ ఊరి కల్లు ఆ ఊళ్లోనే, ఆ పూటే చెల్లేది. ఎంత తాగాలో చెట్టే హద్దు పెట్టింది.

ఆ హద్దు చెరిపింది కల్తీ. చెట్లు తగ్గినా గిరాకీ తగ్గకపోయేసరికి క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కల్లులోకి దిగాయి. వాటికి అలవాటు పడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణికి, మతి తప్పి ఆసుపత్రి పాలవుతున్నారు. చెట్టు మీంచి పడి ప్రాణాలు పోగొట్టుకునే గీత కార్మికుల కష్టం వేరే. వాళ్ల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కిట్లు తెచ్చింది. పేరు గౌడుల కులదైవానిదే.

ఇప్పపువ్వు రాలే వేళ

గోదావరి దాటి ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు వెళ్తే తాటి స్థానంలో ఇప్ప. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున రాలే పువ్వును గోండు ఆడవాళ్లు గంపలకెత్తి ఎండబెడతారు. ఎండిన పువ్వు కరువు కాలంలో కడుపు నింపింది, నానబెట్టి బట్టీ పడితే సారా అయింది. పేన్ అని పిలిచే తమ దేవుళ్లకూ పెద్దలకూ ధార పోయకుండా గోండుల పూజ ముగియదు. 1940లో గోండు వీరుడు కుమ్రం భీం అమరుడైన తర్వాత ఇక్కడికి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆ ఆచారాలను 1948 నాటి తన గ్రంథంలోకి ఎక్కించాడు. ఇప్పుడు సారా బట్టీల మీద ఎక్సైజ్ దాడులు జరుగుతుంటే, అదే పువ్వుతో ఉట్నూరు మహిళలు లడ్డూలు కట్టి అమ్ముతున్నారు.

జపాన్ దాచుకున్న తీరు

జపాన్‌ వాళ్లదీ ఇలాంటి మర్యాదే. బియ్యానికి కోజి అనే బూజు పట్టించి పులియబెట్టిన సాకేను ముందు గుడిలో దేవుడికి పెడతారు. ఏడాది చివర కొలువు మిత్రులంతా కూడి, గడిచిన కష్టాలు మరిచిపోయేందుకు బోనెన్‌కై విందు చేసుకుంటారు. కొత్త సంవత్సరం పొద్దున మూలికలు నానిన ఒతొసోను ఇంటిల్లిపాదీ పుచ్చుకుంటారు. పాత పద్ధతిలో చిన్నవాళ్లతో మొదలై పెద్దవాళ్ల దాకా వస్తుంది. తమ గ్లాసు తాము నింపుకోరు, పక్కవాళ్లు పోయాలి. ఈ సాకే తయారీ విద్యను 2024 డిసెంబరులో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

మన కల్లుగీతా, ఇప్పపువ్వు ఆచారాలూ అంతకు తక్కువేం కావు. తాగుడును పొగడాల్సిన పని లేదు, అది కూల్చిన కాపురాలు ఊరూరా ఉన్నాయి. కానీ కల్తీని ఆపడం, ఈత తాటి వనాలు పెంచడం, గీత విద్యనూ గోండు పూజలనూ తెలిసిన పెద్దలు ఉండగానే రాసిపెట్టడం ప్రభుత్వం, విశ్వవిద్యాలయాలు చేయాల్సిన పనులు. ఇంకా ఆలస్యం చేస్తే చెప్పేవాళ్లు మిగలరు.