మీకు తెలుసా? జ్వరం ఈసీజీని కూడా ఏమారుస్తుంది!

ఖరగ్‌పూర్ నిమ్‌పురాలో, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ తెలుగు కుటుంబాలున్న ఆ వాడల్లో, వానాకాలం జ్వరాలు కొత్తేమీ కాదు. ఒళ్లు కాలితే గుండె వేగం పెరగడమూ మామూలే: ఒక్క డిగ్రీ సెల్సియస్‌కు నిమిషానికి సుమారు 10 సార్లు ఎక్కువ. వింత వేరే ఉంది. కొందరికి జ్వరంలో తీసిన ఈసీజీలో ఛాతీ మీది వీ1, వీ2 తీగల గీతలు పైకి లేచి ఏటవాలుగా దిగుతాయి, అచ్చం గుండెపోటులా. రక్తనాళాల్లో అడ్డంకి మాత్రం కనబడదు. జ్వరం దిగగానే గీత కూడా మామూలైపోవచ్చు!

ఇది బ్రుగాడా తరహా మార్పు. 1992లో పెడ్రో, జోసెప్ బ్రుగాడా సోదరులు ఈ మార్పు కనబడే జబ్బును వివరించారు. గుండె కణాల్లోకి సోడియం వెళ్లే దారులు కొందరిలో పుట్టుకతోనే బలహీనం, వేడికి ఇంకా మందగిస్తాయి. గుండెపోటు కాదు కదా అని ధీమా పడడానికి లేదండోయ్. ఈ జబ్బున్నవారికి ఆ జ్వరంలోనే లయ తప్పి గుండె ఆగిపోయే ముప్పు ఎక్కువ. పారాసిటమాల్‌తో వెంటనే జ్వరం దించమనేది అందుకే.

జ్వరంలో స్పృహ తప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో నిద్రలోనే పోయినా డాక్టరుకు తప్పక చెప్పండి. జ్వరంలో తీసిన ఈసీజీ కాగితం పారేయకండి, తగ్గాక తీసినదాని పక్కన పెట్టి చూపించండి.