అంబులెన్సు తాళాలు, క్లెయిము కాగితాలు

బీమా కంపెనీ వార్షిక నివేదిక తిరగేస్తే ఒక ఫొటో తప్పనిసరి. ఆసుపత్రి ముందు రిబ్బను కట్టిన అంబులెన్సు, అట్టముక్కతో చేసిన నిలువెత్తు తాళంచెవి, దాన్ని చెరో కొసా పట్టుకున్న ఆఫీసర్లు. కింద 'సామాజిక బాధ్యత' అని శీర్షిక. బండి పనికొచ్చేదే, కాదనలేం. అయితే ఆ కంపెనీ బాధ్యతను తూచాలంటే ఆ పేజీ దాటి ముందుకెళ్లాలి.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ లెక్క ఇది: 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవరు గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. నిబంధనల్లోని మినహాయింపుల్లో రెండు ఇక్కడ ముఖ్యం. మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని ఈ పద్దులోకి రాదు. సొంత ఉద్యోగుల మేలు కోసం చేసేదీ రాదు. జీతాలూ ప్రచార ఖర్చులూ దానధర్మాల కింద రాసుకోకుండా పెట్టిన కట్టడి అది, సబబే. సిమెంటు ఫ్యాక్టరీకి ఇది చక్కగా సరిపోతుంది. బీమా దగ్గరికొచ్చేసరికే చిక్కు. సంపాదించే మనిషి పోయిన ఇంటికి డబ్బు చేర్చడమే దాని మామూలు వ్యాపారం. ఆ డబ్బు చేర్చేది దాని మనుషులు. చట్టం పక్కన పెట్టిన ఆ రెండింట్లోనే అసలు బాధ్యతంతా ఉంది.

ఎల్‌ఐసీ సంగతే చూద్దాం. ఇది కంపెనీల చట్టం కింద పుట్టింది కాదు. పార్లమెంటు ప్రత్యేకంగా చేసిన చట్టంతో 1956 సెప్టెంబరు 1న మొదలైంది. అంతకుముందు పాలసీదారుల సొమ్మును కొందరు యజమానులు సొంత వ్యాపారాలకు మళ్లించుకున్నారని ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో ఎండగట్టారు. 245 బీమా సంస్థలూ ప్రావిడెంట్ సొసైటీలూ ఒక్కటయ్యాయి. మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా ఇన్సూరెన్సు జీవిత బీమా వ్యాపారం కూడా అందులో కలిసిపోయింది. దానధర్మాలకంటూ గోల్డెన్ జూబ్లీ ఫౌండేషన్ ఏర్పడింది 2006లో, అంటే 2 శాతం చట్టం రాకముందే. ఆ పనులకు వంక పెట్టక్కర్లేదు. కానీ ఈ సంస్థకు బాధ్యతను గట్టిగా గుర్తుచేసినవి ఫౌండేషన్ సభలు కావు, కోర్టు తీర్పులు.

మొదటిది ఉద్యోగం సంగతి. 1989లో ఒక మహిళ పరీక్ష, ఇంటర్వ్యూ నెగ్గి అసిస్టెంటుగా చేరింది. చేరేముందు ఇచ్చిన డిక్లరేషన్ ఫారంలో గడులు ఇలా ఉన్నాయి: పెళ్లయిందా, ఎంతమంది పిల్లలు, బహిష్టులు క్రమంగా, నొప్పి లేకుండా వస్తాయా, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, వాటిలో ఎన్నింటికి నెలలు నిండాయి, చివరిసారి బహిష్టు అయిన తేదీ ఏది. ఆమె నింపింది. లేడీ డాక్టరు పరీక్ష చేసి పనికి తగినదేనని సర్టిఫికెట్ ఇచ్చారు. 1990 జనవరిలో కాన్పయింది. సెలవులో ఉండగానే ఫిబ్రవరిలో ఉద్యోగం తీసేశారు. ప్రొబేషన్‌లో ఉంది కాబట్టి కారణం చెప్పక్కర్లేదన్నారు. కోర్టుకెళ్లాక మాత్రం, బహిష్టు తేదీ తప్పు రాసిందని వాదించారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెను ఉద్యోగంలోకి తీసుకోమంది, ఆ గడులను ఫారంలోంచి తొలగించమంది. ఇప్పుడు 26 వారాల ప్రసూతి సెలవు, 50 మంది, అంతకు మించి ఉన్న చోట శిశు సంరక్షణ గది చట్టంలోనే ఉన్నాయి. మానవ వనరుల పాలసీ అని ఎంత నున్నని కాగితం మీద అచ్చేసినా నాకు ముందు చూడాలనిపించేది చేరిక ఫారమే. సంస్థ తన మనుషుల్ని ఏ కంటితో చూస్తుందో ఆ గడుల్లో బయటపడిపోతుంది.

రెండోది పాలసీ సంగతి. టేబుల్ 58 అని తక్కువ ప్రీమియంతో ఎక్కువ భద్రతనిచ్చే టర్మ్ పాలసీ ఉండేది. సర్కారు కొలువో, అలాంటి సంస్థలోనో, పేరున్న కంపెనీలోనో ఉద్యోగం ఉన్నవాళ్లకే అది. కూలీకీ, చిల్లర కొట్టువాడికీ లేదు. నెలజీతగాడి ఇంటికి పీఎఫ్, గ్రాట్యుటీ ఎలాగూ ఉంటాయి. ఏమీ లేనివాడికే తలుపు మూశారు. 1995లో సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లదంది.

ఇరవై మూడేళ్ల తర్వాత తెలంగాణలో వచ్చిన రైతుబీమాను ఈ వెలుతురులో చూడాలి. 2018 ఆగస్టులో మొదలైంది. మొదటి ఏడాది తలకు 2,271 రూపాయల 50 పైసల ప్రీమియం ప్రభుత్వమే ఎల్‌ఐసీకి కట్టింది. పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ల లోపు రైతు ఏ కారణంతో పోయినా నామినీ ఖాతాలో 5 లక్షలు. మరణ ధ్రువపత్రం, ఆధార్, పాసుపుస్తకం వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈఓ) చేతికిస్తే చాలు, పది రోజుల్లో డబ్బు పడాలన్నది లెక్క. బ్రాంచి మెట్లెక్కని ఇల్లాలికి ఇది చిన్న మేలు కాదు. కానీ ఇక్కడా గడులున్నాయి. వయసు ఆధార్‌లో ఉన్నదే ఖాయం, ఊళ్లలో చాలామందికి పుట్టిన తేదీ జనవరి 1 అయినా సరే. పట్టా ఉంటేనే రైతు. అప్పు తెచ్చి, ముందే కౌలు కట్టి, వాన కోసం ఎదురుచూసి పత్తి వేసిన కౌలురైతుకు చోటు లేదు. నష్టమొస్తే ముందు కూలేది అతనే. ఈ గడి గీసింది ప్రభుత్వం, కంపెనీ కాదు. కానీ బయట నిలబడ్డవాడికి ఆ తేడాతో పనేముంది?

ఇక ఏజెంటు. సుమారు లక్ష మంది ఉద్యోగులున్న ఎల్‌ఐసీకి 13 లక్షలకు పైగా ఏజెంట్లున్నారు. బాండు చేతికిచ్చేదీ, ల్యాప్స్ కాకుండా గుర్తుచేసేదీ, చావింట్లో క్లెయిము కాగితాలు పూర్తిచేసి పెట్టేదీ వీళ్లే. జీతం లేదు, కమీషనే. వీళ్ల గ్రాట్యుటీ పరిమితి 3 లక్షల నుంచి 5 లక్షలకు పెరిగింది 2023లో. 2024 డిసెంబరులో పానిపట్‌లో ప్రధాని బీమా సఖి పథకం ప్రారంభించారు. పదో తరగతి పాసైన మహిళలకు మొదటి ఏడాది నెలకు 7,000, తర్వాత 6,000, మూడో ఏడు 5,000. ఇది జీతమిచ్చే ఉద్యోగ నియామకం కాదని షరతుల్లోనే రాసి ఉంది. రెండో ఏడాది డబ్బు రావాలంటే మొదటి ఏడు చేయించిన పాలసీల్లో 65 శాతమైనా నడుస్తూ ఉండాలి. ఊరికే చేర్పించి వదిలేయకుండా అది మంచి షరతే. అయితే పనుల్లేని నెలలో పాలసీ తీసుకున్న పొరుగింటామె ప్రీమియం కట్టలేకపోతే, అప్పుడు బీమా సఖి ముందున్నవి రెండే దారులు: తన 7,000 లోంచి తీసి కట్టడం, లేదా వచ్చే ఏడాది 6,000 మీద ఆశ వదులుకోవడం. బీమా సఖుల లెక్క చెప్పేటప్పుడు ఎందరు చేరారో చెప్పినట్టే, మూడో ఏడాదికి ఎందరు మిగిలారో కూడా కంపెనీ చెప్పాలి.