నియమమే వ్యాఖ్యానం: ఉత్తర అమెరికా వలసయుద్ధాల ప్రతిమాక్రీడల్లో మూలవాసుల చిత్రణ

వ్యాససంగ్రహం

బల్లపై చిన్న సైనిక ప్రతిమలను నిలిపి, పాచికలు, కొలబద్ద, లిఖిత నియమాల సాయంతో గతకాలపు పోరాటాలను తిరిగి నడిపించే ఆటను యుద్ధక్రీడ అంటారు. ఈ క్రీడల్లో 18వ శతాబ్దపు ఉత్తర అమెరికా వలసయుద్ధాలకు ప్రత్యేక స్థానం ఉంది. ఆ యుద్ధాల గతిని నిర్ణయించిన శక్తుల్లో అక్కడి మూలవాసీ జాతులు ముఖ్యమైనవి. క్రీడానియమాలు ఆ జాతులను ఎలా నిర్వచిస్తున్నాయి, ఆ నిర్వచనం చరిత్రతో ఎంతవరకు పొసగుతుంది అనే అంశాలను 1755 నాటి మొనాంగహేలా పోరాటం, 1757 నాటి విలియం హెన్రీ కోట ముట్టడి ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: యుద్ధక్రీడ, సైనిక ప్రతిమలు, ఉత్తర అమెరికా మూలవాసులు, సప్తవర్ష సంగ్రామం, విజయ నిబంధనలు, చరిత్ర బోధన.

1. ఉపోద్ఘాతం

చరిత్రను చెప్పే మాధ్యమాలుగా గ్రంథం, నవల, నాటకం, చలనచిత్రం మన పరిశోధకులకు సుపరిచితాలు. ఆటను ఆ కోవలో చేర్చడం అరుదు. అయితే ఒక చారిత్రక యుద్ధాన్ని ఆటగా మలచాలంటే రూపకర్త అనేక చారిత్రక ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవాలి. సైనికులు అడవిలో ఎంత దూరం చూడగలరు? ఎంత నష్టం జరిగితే వెనుదిరుగుతారు? ఎవరి ఆజ్ఞను ఎవరు పాటిస్తారు? ఏది గెలుపు? గ్రంథకర్త వీటిలో కొన్నింటిని దాటవేయవచ్చు. క్రీడారూపకర్తకు ఆ వీలు లేదు. ప్రతి సమాధానమూ ఒక అంకెగానో నియమంగానో తేలాలి. కాబట్టి నియమావళి కూడా ఒక చరిత్ర వ్యాఖ్యానమే. అది వాదం రూపంలో కనిపించదు కనుక దానిని ప్రశ్నించేవారు తక్కువ.

పరిభాష గురించి ఒక మాట. తెలుగులో చాలాకాలంగా వాడుకలో ఉన్న ‘రెడ్ ఇండియన్లు’ అనే పదాన్ని ఈ వ్యాసంలో వాడలేదు. అది చర్మవర్ణాన్ని బట్టి పుట్టిన పేరు. పైగా పరస్పరం భిన్నమైన భాషలు, పాలనా పద్ధతులు గల జాతులన్నింటినీ ఒకే మూసలో పోస్తుంది. సామూహికంగా చెప్పవలసినచోట ‘మూలవాసులు’ అనీ, సాధ్యమైనచోట ఆయా జాతుల పేర్లనూ వాడుతున్నాను.

2. యుద్ధక్రీడ పుట్టుపూర్వోత్తరాలు

ఆధునిక యుద్ధక్రీడకు మూలం ప్రష్యా సైన్యంలో ఉంది. రైస్విట్స్ అనే అధికారి 1812 ప్రాంతంలో రూపొందించిన క్రీడను ఆయన కుమారుడు 1824లో నియమబద్ధం చేసి ప్రచురించాడు. సైనికాధికారుల శిక్షణ కోసం ఉద్దేశించిన ఆ ‘క్రీగ్‌ష్పీల్’లో పటం, దళాలను సూచించే దిమ్మెలు, పాచికలు, ఇరుపక్షాల ఆజ్ఞలనూ విని ఫలితం చెప్పే మధ్యవర్తి ఉండేవారు. ప్రముఖ రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో ప్రచురించిన ‘లిటిల్ వార్స్’ ఈ క్రీడను శిక్షణాలయం నుంచి ఇంటి గదిలోకి తెచ్చింది. డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 1962లో వెలువరించిన ‘వార్ గేమ్స్’ ఇంగ్లండులో దీనికి విస్తృత ప్రచారం కల్పించింది.

ఉత్తర అమెరికా యుద్ధాలు ఈ రంగంలో ఆదరణ పొందడానికి స్పష్టమైన కారణాలున్నాయి. అక్కడి పోరాటాల్లో చాలావరకు కొద్దిమందితో జరిగాయి. వేలమంది బారులు తీరిన ఐరోపా సమరాలను బల్లమీద చూపాలంటే ఒక్కో ప్రతిమ పదులకొద్దీ సైనికులకు ప్రతీక కావాలి. అడవిదారిలో జరిగిన మెరుపుదాడిలో మాత్రం ఒక ప్రతిమ ఒక మనిషికే ప్రతీకగా నిలవగలదు. ఎర్రకోటు సైనికులు, కెనడా పౌరసైనికులు, వలసరాజ్యాల గస్తీదళాలు, మూలవాసీ యోధులు వంటి భిన్న వేషధారణలు ప్రతిమలకు రంగులద్దేవారిని ఆకర్షిస్తాయి. ‘మస్కెట్స్ అండ్ టోమహాక్స్’, 2019లో వెలువడిన ‘రెబెల్స్ అండ్ పేట్రియట్స్’ వంటి నియమగ్రంథాలు ఈ కోవకు చెందినవే.

3. ఆడే విధానం

సాధారణంగా ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్లపై అడవి, వాగు, కోట, పొలం వంటి నమూనాలను అమరుస్తారు. ప్రతిమల పరిమాణాల్లో 28 మిల్లీమీటర్లది బహుళ ప్రచారంలో ఉంది. కదలికలనూ తుపాకీ గుండు దూరాన్నీ అంగుళాల్లో కొలుస్తారు. కాల్పుల ఫలితాన్ని పాచికలు తేలుస్తాయి. నష్టం జరిగినప్పుడు దళం నిలుస్తుందో, వెనుదిరుగుతుందో తెలుసుకోవడానికి మనోధైర్య పరీక్ష ఉంటుంది. ‘మస్కెట్స్ అండ్ టోమహాక్స్’లో ఏ తరహా సైనికుల వంతు ఎప్పుడు వస్తుందో పేకముక్కల కట్ట నిర్ణయిస్తుంది. తన దళాలను కోరిన క్షణంలో కదిలించలేకపోవడం ద్వారా ఆటగాడు యుద్ధరంగంలోని అనిశ్చితిని అనుభవిస్తాడు.

ఈ నియమాల్లో అంకె చేసే పనిని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఆజ్ఞ నెరవేరాలంటే రెండు పాచికల మొత్తం 6 లేదా అంతకంటే ఎక్కువ రావాలని అనుకుందాం. మొత్తం 36 అవకాశాల్లో 26 అనుకూలం. అంటే సుమారు 72 శాతం. అడవిలో ఉన్న ఎర్రకోటు దళానికి 6 బదులు 8 కావాలని నియమం పెడితే అనుకూలమైన అవకాశాలు 15కు, అంటే సుమారు 42 శాతానికి తగ్గుతాయి. బారులు తీరి పోరాడటానికి తర్ఫీదు పొందిన సైన్యం చెట్ల నడుమ అసమర్థమవుతుందనే చారిత్రక ప్రతిపాదన ఈ రెండంకెల తేడాలో ఇమిడి ఉంది. ఆటగాడికి అది లెక్కలాగే కనిపిస్తుంది, ప్రతిపాదనగా కనిపించదు.

4. మొనాంగహేలా: ‘క్రమశిక్షణ’ ఎవరిది?

1755 జులై 9న బ్రిటిష్ సేనాని ఎడ్వర్డ్ బ్రాడాక్ 1,300కు పైగా సైనికులతో మొనాంగహేలా నదిని దాటి డుకేన్ కోట వైపు సాగాడు. నేటి పిట్స్‌బర్గ్ నగరం ఉన్నచోటే ఆ ఫ్రెంచి కోట ఉండేది. బ్రాడాక్ సేనను ఎదుర్కొన్నవారు సుమారు 250 మంది ఫ్రెంచి, కెనడా సైనికులు, 600కు పైగా మూలవాసీ యోధులు. ఆ యోధుల్లో ఒడావా, ఒజిబ్వే, పొటవాటమి, షానీ, డెలావేర్ తదితర జాతులవారున్నారు. పోరు మొదలైన కాసేపటికే ఫ్రెంచి నాయకుడు బోజ్యూ మరణించాడు. అయినా మూలవాసీ యోధులు చెదరలేదు. అడవి చాటున రెండు పార్శ్వాలకూ వ్యాపించి, ఇరుకుదారిలో చిక్కిన బ్రిటిష్ సేనను అర్ధచంద్రాకారంలో చుట్టుముట్టారు. కొన్ని గంటల్లో బ్రిటిష్ సైనికుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది మరణించారు లేదా గాయపడ్డారు. బ్రాడాక్ కూడా గాయపడి నాలుగు రోజులకు మరణించాడు.

ఈ పోరాటాన్ని బల్లపైకి తెచ్చే నియమాల్లో ఒక అలవాటు తరచుగా కనిపిస్తుంది. మూలవాసీ దళాలకు వేగం, చాటు, గురి విషయాల్లో ఎక్కువ అంకెలిస్తారు. మనోధైర్యంలో తక్కువ అంకె ఇస్తారు. స్వల్ప నష్టం జరిగినా వారు వెనుదిరిగేలా చేయడం దీని ఉద్దేశం. బయటికి కనిపించే ప్రవర్తన విషయంలో ఇది పూర్తిగా తప్పు కాదు. మూలవాసీ యోధులు నష్టం పెరిగే పోరాటం నుంచి తప్పుకొన్న సందర్భాలు చాలా ఉన్నాయి. దోషం కారణాన్ని చెప్పడంలో ఉంది. చిన్న సమాజాల్లో ఒక్కో యోధుడూ వేటగాడు, కుటుంబ పోషకుడు కూడా. అతని మరణం ఊరంతటికీ తీరని లోటు. ప్రాణనష్టం లేకుండా సాధించినదే ఘనమైన గెలుపని భావించే యుద్ధనీతి అది. అదే 1755లో బందీగా పట్టుబడి కొన్నేళ్లు మూలవాసుల మధ్య జీవించిన జేమ్స్ స్మిత్, వారికి క్రమశిక్షణ లేదన్న అభిప్రాయాన్ని 1799లో ప్రచురించిన తన అనుభవ కథనంలో ఖండించాడు. వారి యుద్ధపద్ధతి శ్రద్ధగా నేర్చుకోదగినదని అతని వాదం.

ఈ చారిత్రక సత్యాన్ని మరో నియమంతో చూపవచ్చు. మనోధైర్యపు అంకెను తగ్గించనక్కరలేదు. మూలవాసీ పక్షం కోల్పోయే ప్రతి యోధునికీ ఇతర పక్షాల సైనికునికంటే ఎక్కువ విలువ కట్టి, గెలుపు లెక్క నుంచి తీసివేస్తే చాలు. అప్పుడు వెనుదిరగాలన్న నిర్ణయం పాచిక చేసేది కాదు, ఆటగాడు చేసేది. మొదటి నియమంలో యోధుడు భయపడి పారిపోతాడు. రెండవదానిలో ఆలోచించి తప్పుకొంటాడు. బల్లపై ప్రతిమల కదలిక ఒకటే. అది చెప్పే చరిత్ర వేరు.

5. విలియం హెన్రీ కోట: పాచికకు అప్పగించిన రాజకీయం

1757 ఆగస్టులో ఫ్రెంచి సేనాని మాంట్‌కామ్ లేక్ జార్జ్ తీరంలోని విలియం హెన్రీ కోటను ముట్టడించాడు. అతని వెంట 30కి పైగా జాతులకు చెందిన సుమారు 1,800 మంది మూలవాసీ యోధులున్నారు. కొందరు మిసిసిపీ నదికి ఆవలి నుంచి వచ్చారు. వారికి జీతం లేదు. బందీలు, యుద్ధచిహ్నాలు, కొల్లసొత్తు మాత్రమే వారి శ్రమకు ఫలం. ఇంటికి వెళ్లి తమ పరాక్రమాన్ని నిరూపించుకోవడానికి ఆధారం. ఆగస్టు 9న కోట లొంగిపోయింది. మాంట్‌కామ్ ఐరోపా యుద్ధమర్యాద ప్రకారం షరతులు నిర్ణయించాడు. బ్రిటిష్ సైనికులు తమ ఆయుధాలతో, సొంత సామగ్రితో సగౌరవంగా వెళ్లిపోవచ్చన్నాడు. ఆ షరతులను మూలవాసీ నాయకులకు తెలిపి, యోధులను అదుపులో ఉంచమని కోరాడు. వారు దేనికోసం అంత దూరం వచ్చారో అది ఆ ఒప్పందంలో లేదు. మరునాడు వారు కోట విడిచి వెళుతున్నవారిపై దాడి చేశారు.

ఫెనిమోర్ కూపర్ 1826లో రాసిన ‘ద లాస్ట్ ఆఫ్ ద మోహికన్స్’ నవల, దాని ఆధారంగా వచ్చిన చలనచిత్రాలు ఈ ఘటనను హద్దుల్లేని ఊచకోతగా లోకం మనసులో నాటాయి. చరిత్రకారుడు ఇయాన్ స్టీల్ 1990లో ప్రచురించిన ‘బిట్రేయల్స్’ గ్రంథంలో లభ్యమైన జాబితాలను పరిశీలించి, మృతులు, ఆచూకీ తెలియనివారు కలిపి 69 నుంచి 184 మంది వరకు ఉండవచ్చని లెక్కగట్టాడు. ఈ అంకెలు హింసను సమర్థించవు. మనం విన్న కథ పరిమాణాన్ని సరిచూసుకోమంటాయి. ఆ గ్రంథం పేరు బహువచనంలో ఉండటం గమనార్హం. తాము వంచితులమయ్యామని భావించినవారు బ్రిటిష్ సైనికులు మాత్రమే కారు.

ఇటువంటి ఘటనను ఆటలో చూపడానికి తేలికైన మార్గం పాచిక: ‘1 పడితే మూలవాసీ దళం ఆజ్ఞను ధిక్కరించి కొల్లగొడుతుంది’. ఈ నియమం దాడిని వారి సహజ స్వభావంగా, వాతావరణంలోని మార్పులాంటి యాదృచ్ఛిక సంఘటనగా చూపుతుంది. చారిత్రకంగా ఆ దాడికి స్పష్టమైన కారణం ఉంది. అది మిత్రుడు తమ వాటాను తోసిపుచ్చడం. ఫలితం కూడా స్పష్టమే. 1758 జులైలో కారిల్లాన్ కోట వద్ద జరిగిన పెద్ద పోరాటానికి మాంట్‌కామ్ పక్షాన వచ్చిన మూలవాసీ యోధులు నామమాత్రం. విలియం హెన్రీ కోట నుంచి తిరిగి వెళ్లినవారి వెంట మశూచి పాకడం కూడా అందుకు కారణం. అదే ఏడాది అక్టోబరులో ఈస్టన్ ఒప్పందం ద్వారా ఒహాయో ప్రాంతపు జాతులు బ్రిటిష్‌వారితో సంధి చేసుకున్నాయి. నవంబరులో ఫ్రెంచివారు డుకేన్ కోటను తామే ధ్వంసం చేసి వెళ్లిపోయారు. 1755లో బ్రాడాక్ సేన సాధించలేనిది 1758లో సంధి సుసాధ్యం చేసింది.

6. గెలుపునకు నిర్వచనం

మన పల్లెల్లో అరుగులమీద గీసుకొని ఆడే పులిజూదంలో ఇరుపక్షాల లక్ష్యాలు భిన్నం. పులులు మేకలను చంపాలి. మేకలు పులులను కదలకుండా కట్టడి చేయాలి. మేకలపక్షం ఆడేవారిని పులులపక్షానికి సహాయకులనో, అసమర్థులైన పులులనో ఎవరూ అనరు. ఎవరి లక్ష్యం వారిది, ఎవరి గెలుపు వారిది.

ఉత్తర అమెరికా యుద్ధాలను చాలా సందర్భాల్లో రెండు పక్షాల ఆటగానే నడుపుతారు. మూలవాసీ ప్రతిమలు ఫ్రెంచి ఆటగాడి చేతిలోనో, బ్రిటిష్ ఆటగాడి చేతిలోనో ఉంటాయి. ఆ ఏర్పాటులోనే వారు సార్వభౌమ జాతులు కాక సహాయక దళాలైపోతారు. మూడవ ఆటగాణ్ణి ప్రవేశపెట్టి, బందీలు, సామగ్రి, తన గ్రామాల భద్రత, స్వల్ప ప్రాణనష్టం అనే అంశాలతో వేరే విజయ నిబంధనలు ఇస్తే చిత్రం మారుతుంది. అప్పుడు ఫ్రెంచి ఆటగాడు ఆజ్ఞాపించలేడు. ఒప్పించాలి, కానుకలివ్వాలి, మాట నిలబెట్టుకోవాలి. రిచర్డ్ వైట్ 1991లో ‘ద మిడిల్ గ్రౌండ్’లో వివరించిన పరస్పర సర్దుబాటు సంబంధం ఈ విధంగా ఆటలో అనుభవానికి వస్తుంది.

7. అదే యుద్ధం, తెలుగునేల

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. అమెరికాలో 1754లో రాజుకొని, 1756 నుంచి సప్తవర్ష సంగ్రామంగా విస్తరించిన ఆంగ్ల–ఫ్రెంచి సంఘర్షణ ఉత్తర సర్కారులకూ వచ్చింది. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫోర్డ్ నాయకత్వంలోని ఆంగ్లసేన కాన్‌ఫ్లాన్స్ నాయకత్వంలోని ఫ్రెంచిసేనను ఓడించింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఆంగ్లేయుల వశమైంది. చందుర్తికి దారితీసిన పరిణామాల్లో విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు పాత్ర కీలకం. విశాఖపట్నంలో ఫ్రెంచివారిని తొలగించి, ఆంగ్లేయులను ఆహ్వానించినవాడు ఆయనే. చందుర్తి పోరాటాన్ని ఫోర్డ్, కాన్‌ఫ్లాన్స్ అనే రెండు పక్షాల ఆటగా మలిస్తే ఆయన ‘సహాయక దళం’గా మిగిలిపోతాడు. ఆయన లక్ష్యాలకు వేరే విజయ నిబంధనలు రాయాలంటే, ఆ లక్ష్యాలేమిటో ముందుగా పరిశోధించాలి.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. యుద్ధక్రీడలోని ప్రతి నియమమూ ఒక చారిత్రక ప్రతిపాదన. గ్రంథంలోని వాక్యాన్ని పరీక్షించినట్లే దానినీ ఆధారాలతో పరీక్షించాలి.

2. ఒకే ప్రవర్తనను రెండు వేర్వేరు నియమాలతో చూపవచ్చు. యాదృచ్ఛికతకు అప్పగించిన నియమం స్వభావాన్ని కారణంగా చెబుతుంది. విజయ నిబంధనలో చేర్చిన నియమం ఉద్దేశాన్ని కారణంగా చెబుతుంది. మొనాంగహేలా, విలియం హెన్రీ ఘటనలకు రెండవదే చరిత్రకు దగ్గర.

3. మూలవాసీ జాతులను స్వతంత్ర పక్షంగా నిలపడం వారిపట్ల చూపే ఉదారత కాదు. వారి నిర్ణయాలను లెక్కించకపోతే 1755 పరాజయమూ, 1758 విజయమూ అర్థం కావు.

4. చరిత్ర తరగతిలో విద్యార్థులచేత ఆట ఆడించడంతో ఆగకుండా, ఒక నియమాన్ని తిరగరాయించి, ఆ మార్పునకు ఆధారం చూపమని అడగవచ్చు. ఆ ఆధారం కోసం వెదకడమే పరిశోధనకు తొలిమెట్టు.