ఉద్యోగం మానేశారు.. ఆఖరి జీతం ఏదీ?

'బిల్లు ఇంకా పాస్ కాలే తమ్మీ, వచ్చినంక ఇస్తం.'

గోదావరిఖనిలో కాంట్రాక్టరు దగ్గర పనిచేసి మానేసినవాళ్లకు ఈ మాట కొత్తకాదు. ఓపెన్‌కాస్టులో మట్టి తీసే కంపెనీలో సూపర్‌వైజర్, ఎన్టీపీసీలో ఏజెన్సీ కింద కంప్యూటర్ ఆపరేటర్, లక్ష్మీనగర్‌లో బట్టల షోరూం సేల్స్‌మన్.. కొలువు ఏదైనా పేచీ వచ్చేది చివరి నెల జీతం దగ్గరే. మొదట రెండు వారాలు ఆఫీసు చుట్టూ తిరుగుతారు. ఆ తర్వాత అవతలివాళ్లు ఫోన్ ఎత్తరు. మూడో నెల వచ్చేసరికి 'పోతే పోనీ, పన్నెండు వేలే కదా' అని మీరే వదిలేస్తారు. ఆ పన్నెండు వేలు గ్రూప్స్ కోచింగ్ ఫీజు కావచ్చు, హైదరాబాద్‌లో హాస్టల్ అడ్వాన్సు కావచ్చు. పైగా అది మీరు చేసిన పనికి రావాల్సిన డబ్బు. అడగడానికి మొహమాటం ఎందుకు?

నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలో ఒకటైన వేతనాల కోడ్‌లోని 17వ సెక్షన్ మీకు బాగా పనికొస్తుంది. తీసేసినా, మీరే రాజీనామా చేసినా, సంస్థ మూతపడినా.. రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. 1936 నాటి పాత చట్టంలో ఈ రెండు రోజుల గడువు యజమాని తీసేసినప్పుడే వర్తించేది. 'నువ్వే మానేసినవ్ కదా, ఆగు' అనడానికి అప్పుడు సందు ఉండేది. ఇప్పుడు రాజీనామాను కూడా చేర్చారు. బిల్లు పాస్ కాలేదన్నది కాంట్రాక్టరుకు, పని ఇచ్చిన సంస్థకు మధ్య వ్యవహారం. మీ జీతానికి దానితో లింకు లేదు.

కాంట్రాక్టరు టెండరు ముగించుకుని మకాం ఎత్తేస్తే? ఖనిలో అసలు భయం ఇదే. ఇలాంటప్పుడు పని చేయించుకున్న పెద్ద సంస్థను చట్టం 'ప్రిన్సిపల్ ఎంప్లాయర్' అంటుంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ఆ సంస్థే చెల్లించి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. 50 మంది, అంతకుమించి కాంట్రాక్టు కార్మికులున్న చోట ఈ నిబంధన ఉంటుంది. గనుల్లో, పవర్ ప్లాంటులో ఆ సంఖ్య పెద్ద సమస్య కాదు. అందుకే కాంట్రాక్టరుకు రాసే లేఖ కాపీ ఒకటి ఆ సంస్థ పర్సనల్ విభాగానికి కూడా ఇవ్వండి. ఆ ఒక్క కాపీతో చాలాసార్లు కథ మారుతుంది. టెండరు డిపాజిట్ ఇంకా వాళ్ల చేతిలోనే ఉంటుంది కదా!

ఏ ఆఫీసుకు వెళ్లాలి?

ఇక్కడే చాలామంది పొరపడతారు. సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వానిది 51 శాతం వాటా కాబట్టి రాష్ట్ర లేబర్ ఆఫీసుకే వెళ్లాలనుకుంటారు. కానీ గనుల్లో కార్మిక వ్యవహారాలు కేంద్రం పరిధిలోవి. ఓసీపీలో ఏ కాంట్రాక్టరు కింద చేసినా మీరు వెళ్లాల్సింది కేంద్ర కార్మిక శాఖకు, అంటే అసిస్టెంట్ లేబర్ కమిషనర్ సెంట్రల్ దగ్గరికి. ఎన్టీపీసీ కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ, దాని కాంట్రాక్టర్లదీ అదే దారి. కేంద్ర పరిధిలోని ఫిర్యాదులకు 'సమాధాన్' పోర్టల్ ఉంది, ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. బజారులోని షాపులు, ప్రైవేటు స్కూళ్లు, ఆస్పత్రులు మాత్రం రాష్ట్ర కార్మిక శాఖ కిందికి వస్తాయి. ఇది తెలియకపోతే తప్పు ఆఫీసులో దరఖాస్తు పెట్టి, రెండు నెలల తర్వాత 'మాది కాదు' అన్న జవాబు తెచ్చుకుంటారు.

క్లెయిమ్ వేయడానికి గడువు మూడేళ్లు. పాత చట్టంలో ఏడాదే. మీరే వేయొచ్చు, మీరు సభ్యులుగా ఉన్న రిజిస్టర్డ్ యూనియన్ కూడా వేయొచ్చు. యూనియన్ ఆఫీసుకు ఖనిలో కొదవా! 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికుల సమ్మె నడిపింది వీళ్లే, ఈ కాగితాలన్నీ వాళ్లకు కొట్టినపిండి. విచారించే అధికారి బాకీతోపాటు దానికి పది రెట్ల దాకా పరిహారం కూడా వేయొచ్చు. గరిష్ఠం అది, అందరికీ పది రెట్లు వస్తాయని లెక్కలు వేసుకోకండి. మూడు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. న్యాయ సలహా కావాలంటే 15100కు ఫోన్ చేయండి, అది న్యాయ సేవల సంస్థ నంబరు.

జీతం ఇచ్చేశామని నిరూపించుకునే బాధ్యత యజమానిదే. కానీ అక్కడ పనిచేశానని చూపించాల్సింది మీరు. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వలేదా? బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పాత నెలల జీతం పడి ఉంటుంది. పీఎఫ్ పాస్‌బుక్‌లో కంపెనీ పేరు, నెలలు కనిపిస్తాయి. గనిలో చేసినవాళ్ల పీఎఫ్ బొగ్గుగనుల పీఎఫ్ సంస్థ కింద ఉండొచ్చు, దాని ప్రాంతీయ కార్యాలయం గోదావరిఖనిలోనే ఉంది. వీటీసీ శిక్షణ సర్టిఫికెట్, గేట్ పాస్, డ్యూటీ చార్టు ఫొటో, 'రేపు సెకండ్ షిఫ్టుకు రా' అన్న వాట్సాప్ మెసేజ్.. అన్నీ సాక్ష్యాలే. మానేసిన రోజే గ్రూపులోంచి తీసేస్తారు, ముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

లేఖకు పెద్ద భాష అక్కర్లేదు. 'నేను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మీ దగ్గర పనిచేశాను. చివరి నెల జీతం ఇంత రావాలి. వేతనాల కోడ్ 17వ సెక్షన్ ప్రకారం రెండు పనిదినాల్లో ఇవ్వాల్సింది ఇంకా అందలేదు. ఈ లేఖ అందిన ఏడు రోజుల్లో నా ఖాతాలో జమ చేయగలరు' అంటే చాలు. స్పీడ్ పోస్టులో పంపండి, మెయిల్ కూడా చేయండి. తిట్లు, బెదిరింపులు వద్దు. రేపు అధికారి చదివేది ఈ లేఖనే.

యూనిఫాంకు ఇంత, ట్రైనింగ్‌కు ఇంత అని కోతలు చూపిస్తే లెక్క రాసి ఇమ్మనండి. వేటికి కోత పెట్టొచ్చో చట్టంలో జాబితా ఉంది. అన్నీ కలిపినా జీతంలో సగం మించకూడదు. నష్టం చేశావంటూ కోసే ముందు మీ వాదన వినాలి. నోటీసు పీరియడ్ షరతుపై మీరు సంతకం చేసి ఉంటే మాత్రం దాన్ని ముందుకు తెస్తారు, ఆ కాగితం ఒకసారి చదివి వెళ్లండి. అప్రెంటిస్ చట్టం కింద చేరిన ఐటీఐ, డిప్లొమా వాళ్లకు ఈ కోడ్ వర్తించదు. స్టైపెండ్ గొడవ అప్రెంటిస్‌షిప్ అధికారుల దగ్గర తేల్చుకోవాలి.

క్లెయిమ్ వేశాక అవతలివాళ్లు రాజీకి పిలవడం మామూలే. వెళ్లండి, తప్పులేదు. ఒంటరిగా కాకుండా తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. 'ఈడ సంతకం పెట్టు, సాయంత్రం ఫోన్‌పే చేస్త' అంటే, 'ముందు పైసలు పడనియ్యండి సార్, ఈడనే కూసుంట' అని చెప్పండి. ఖాతాలో జమ అయినట్టు మెసేజ్ వచ్చాకే, ఎంత అందిందో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసిన కాగితంపై సంతకం పెట్టి, దాని ఫొటో తీసుకోండి.