గొడ్డలి సరే... కుర్చీ మాటేమిటి?

రాజకీయాలు మగవాళ్ళ వ్యవహారం అనుకునే ఇళ్ళలో కూడా 'ప్రతిఘటన' చూడని ఆడవాళ్ళు తక్కువ. 1985లో వచ్చిన ఆ సినిమాకి అమ్మలక్కలు జట్లు జట్లుగా వెళ్ళారు. నక్కపల్లి లాంటి ఊళ్ళ నుంచి తునికో అనకాపల్లికో బస్సెక్కి మరీ వెళ్ళి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చినవాళ్ళున్నారు. అంతగా ఏముంది అందులో?

ఝాన్సీ అనే లెక్చరరు. పట్టపగలు జరిగిన హత్యని కళ్ళారా చూస్తుంది. అందరిలా తలొంచుకుని పోకుండా, చూశానని చెబుతుంది. అందుకు రౌడీ కాళి ఆమెని నడివీధిలో అవమానిస్తాడు. చుట్టూ జనం ఉంటారు, ఒక్కడూ కదలడు. ఇంటికొస్తే అక్కడా అదే మాట: 'మనకెందుకొచ్చిన గొడవ, ఊరుకో!' చివరికి క్లాసులో కూడా బ్లాక్‌బోర్డు మీద బొమ్మ గీసి వెక్కిరిస్తారు కుర్రాళ్ళు. అప్పుడామె పాడే పాట వేటూరి రాశారు, జానకి గారు పాడారు. హాల్లో ఈలలు ఆగిపోయేవట ఆ పాటకి.

దర్శకుడు టి.కృష్ణ చెప్పదలచుకున్నది రౌడీ గురించి మాత్రమే కాదు. ఆ రౌడీ ఎన్నికల్లో గెలిచి పెద్దమనిషైపోతాడు. అసలు దెబ్బ అక్కడ! ఓటు వేసిందెవరు? మనమేగా. ఆ ప్రశ్న సినిమాలో గట్టిగానే ఉంది. కానీ మనకి గుర్తున్నది మాత్రం చివర్లో సన్మాన సభలో ఝాన్సీ చేతిలోని గొడ్డలి. విజయశాంతిని పెద్ద నటిని చేసింది ఆ గొడ్డలే అంటే తప్పేం లేదు. రెండేళ్ళకి హిందీలోనూ తీశారు, 'ప్రతిఘాత్' పేరుతో. కృష్ణ గారు మాత్రం 1986లోనే పోయారు. ఉండి ఉంటే ఇంకా ఎన్ని కథలు చెప్పేవారో.

మన సినిమాకి రాజకీయాలు కొత్త కాదండీ. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. బ్రాహ్మల అబ్బాయి, హరిజన అమ్మాయి, గుడి తలుపులు. కథ చలం గారిది. మరుసటి ఏడు 'రైతుబిడ్డ'. జమీందారు చెప్పినవాడికి ఓటెయ్యనన్న రైతు కథ. జమీందార్లకి ఒళ్ళు మండింది. విచిత్రమేమిటంటే, ఆ సినిమా తీసిన సారథి సంస్థ వెనుక ఉన్నదీ ఒక జమీందారే, చల్లపల్లి వారు!

మన వైపు సంగతి వేరు. చింతపల్లి కొండలు దగ్గరే కాబట్టి 1974లో కృష్ణ 'అల్లూరి సీతారామరాజు' మనింటి కథలాగే చూశాం. 1922 ఆగస్టులో ఆయన దాడి చేసిన పోలీసు స్టేషను చింతపల్లిదే కదా. తునికి అవతల రౌతులపూడి మండలం మల్లంపేట కుర్రాడు ఆర్.నారాయణమూర్తి. 1986లో 'అర్ధరాత్రి స్వతంత్రం', 1994లో 'ఎర్రసైన్యం' తీసి, వంగపండు పాటలతో ఉత్తరాంధ్ర యాసని వెండితెర మీదకి తెచ్చాడు. ఆ కథలన్నీ మగవాళ్ళ భుజాల మీదే నడుస్తాయి, అది వేరే సంగతి.

ఆడదాని కళ్ళతో దొరతనాన్ని చూపించిన సినిమా ఏదంటే, నా లెక్కలో 1988 నాటి 'దాసి'. బి.నర్సింగరావు తీసింది. పెళ్ళికూతురితో పాటు అరణంగా పంపిన పనిపిల్ల కమలాక్షి. గడీలో ఆమె తలొంచుకుని నడవడం, చెప్పిన పని చెయ్యడం, అంతే. పెద్ద డైలాగుల్లేవు, పాటల్లేవు, గొడ్డలి అసలే లేదు. ఆ మౌనం చూస్తుంటే మనకే ఊపిరాడదు. అర్చనకి జాతీయ ఉత్తమ నటి అవార్డొచ్చింది. కానీ ఎంతమంది చూశాం చెప్పండి? 1997లో 'ఒసేయ్ రాములమ్మా' వస్తే మాత్రం విరగబడి చూశాం. అందులోనూ దొరే, గడీయే. కాకపోతే రాములమ్మ చేతికి తుపాకీ వచ్చింది.

నాకు నచ్చనిది ఇదే. మన సినిమా ఆడదానికి ఆయుధం ఇస్తుంది, కుర్చీ ఇవ్వదు. ఒకవేళ ఇచ్చినా 2021లో 'రిపబ్లిక్'లో రమ్యకృష్ణ వేసిన నాయకురాలి పాత్రలా, మగ నాయకులు నడిచిన దారినే నడిపిస్తుంది. బయట చూస్తే కథ వేరుగా ఉంది. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి పంచాయతీల్లో మూడో వంతు సీట్లు మనకిచ్చింది. 2013 ఎన్నికల నాటికి మన రాష్ట్రంలో అది సగమైంది. ఎందరో ఆడవాళ్ళు సర్పంచులయ్యారు. సంతకం ఆవిడది, పెత్తనం ఆయనది. 'సర్పంచి గారి భర్త' అనే పదవి ఏ చట్టంలోనూ లేదు, ఊరూరా ఉంది. దీన్ని తిట్టే సినిమా, కనీసం నవ్వించే సినిమా ఏదండీ?

దూబగుంట సంగతీ అంతే. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారా పాటలు ఆపించారు. మరుసటి ఏడు సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం. రెండేళ్ళకే దాన్ని సడలించారనుకోండి. ఒక్క హీరోయిన్ లేదు, ఒక్క గొడ్డలి లేదు, చీపుళ్ళూ కారప్పొడీనే. ఇందరు కలిసి చేసిన పనిని తెర మీద చూపించడం కష్టం కాబోలు. హీరో ఎక్కడ నిలబడాలి?

నక్కపల్లి మండలంలోనే చూడండి. 2025 జనవరిలో బల్క్ డ్రగ్ పార్కుకి ప్రధాని శంకుస్థాపన చేశారు. ఉద్యోగాలొస్తాయని కొందరు సంతోషించారు. సముద్రం పాడైతే వేటేం కావాలని రాజయ్యపేట మత్స్యకారులు ఆ ఏడే దీక్షలకి కూర్చున్నారు. ఆడవాళ్ళూ కూర్చున్నారు. ఎవరైనా దీన్ని సినిమా తీస్తే ఏం చేస్తారో ఊహించగలను: పట్నం నుంచి ఒక కుర్రాడు దిగుతాడు, పది మందిని కొడతాడు, మైకు పట్టుకుంటాడు. టెంటు కింద కూర్చున్న ఆడవాళ్ళు వెనక వరసలో చప్పట్లు కొడతారు.